చేయి పట్టడం, చేయి వదలడం: మేధో వైకల్యమూ స్వతంత్ర జీవనమూ

మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు నలుగురు ఒకచోట చేరితే మాట ఎటు తిరిగినా చివరికి ఒక్క దగ్గరే ఆగుతుంది: మా తర్వాత వీడికెవరు? ఈ ప్రశ్నకు జవాబుగా అరవై ఏళ్లుగా చాలా దేశాల్లో 'స్వతంత్రత' అనే మాట వినిపిస్తోంది. తన కాళ్ల మీద తాను నిలబడేలా తయారుచేస్తే దిగులు తీరుతుంది కదా అని. వినడానికి బాగానే ఉంటుంది. తీరా లోపలికి వెళ్తే స్వతంత్రత అంటే ఏమిటన్న దగ్గరే అందరూ విడిపోతారు. ఒకరికి అది పని చేయగలగడం, ఒకరికి నిర్ణయం తన చేతిలో ఉండటం, ఇంకొకరికి అసలు ఆ మాటే తప్పు.

ఆ చర్చ ఎక్కడెక్కడ తిరిగి ఇప్పుడెక్కడ చిక్కుపడిందో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. చేయూతనిచ్చేవారికి ఇందులో దక్కేదేమిటన్నది ఎవరూ పెద్దగా అడగని ప్రశ్న. అది లేకుండా మిగతా లెక్క తేలదు కాబట్టి దాని దగ్గర కొంచెం ఎక్కువసేపే ఆగుదాం.

ముందు పేరు సంగతి

బ్రిటన్‌లో 'లెర్నింగ్ డిజబిలిటీ' అంటే తెలివి ఎదుగుదలలోనూ రోజువారీ పనులు నేర్చుకోవడంలోనూ చిన్నప్పటి నుంచి ఉండే ఇబ్బంది. మన దగ్గర అదే మాట అంటే 'తారే జమీన్ పర్' సినిమా కుర్రాడు గుర్తొస్తాడు. వాడికి తెలివిలో లోటేమీ లేదు, అక్షరాలే తిరగబడతాయి. ఇక్కడ మాట్లాడేది మొదటి రకం గురించి. దాన్ని తెలుగులో మందబుద్ధి అన్నారు, బుద్ధిమాంద్యం అన్నారు, మానసిక వికలాంగత అన్నారు. ఇప్పుడు మేధో వైకల్యం దగ్గర ఆగాం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ పేరులో అప్పట్లో 'మెంటల్లీ హ్యాండీకాప్డ్' ఉండేది, ఇప్పుడు 'ఎంపవర్‌మెంట్' ఉంది. అమెరికా 2010లో 'రోసాస్ లా' తెచ్చి ఫెడరల్ చట్టాల్లోంచి 'మెంటల్ రిటార్డేషన్' అనే పాత మాటను తీసేసింది. పేరు మారితే చూపు కొంత మారుతుంది, కాదనలేం. వీధిలో పిలిచే పిలుపు మాత్రం ఏ గెజిట్‌కీ లొంగలేదు.

2011 జనగణనలో మన దేశంలో ఇలాంటివారు సుమారు 15 లక్షల మంది అని తేలింది. ఇంట్లోవాళ్లు చెబితేనే లెక్కలోకి వచ్చే సంగతి ఇది. పెళ్లి కావాల్సిన అక్కో చెల్లో ఉన్న ఇంట్లో చెబుతారా అన్నది పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు.

గోడల కథ

పశ్చిమ దేశాల్లో ఈ చరిత్ర ఊరవతలి పెద్ద ఆసుపత్రులతో మొదలవుతుంది. వందల మందిని, కొన్నిచోట్ల వేల మందిని ఒకే ప్రాంగణంలో ఉంచేవారు. 1960ల్లో ఆ గోడల లోపలి సంగతులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. 1966లో బర్టన్ బ్లాట్ అమెరికా సంస్థల లోపలి దృశ్యాలను ఫొటోల పుస్తకంగా తెచ్చాడు. 1967లో కార్డిఫ్‌లోని ఎలీ ఆసుపత్రి దురాగతాలు పత్రికకెక్కాయి. 1972లో న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ సంస్థ లోపలి సంగతులు టీవీలో కనిపించాయి. అప్పటికే డెన్మార్క్ 1959లో చట్టం చేసి, వీరి బతుకు కూడా వీలైనంతగా అందరి బతుకులా ఉండాలంది. స్వీడన్‌కు చెందిన బెంగ్ట్ నిర్యే 1969లో దానికి సిద్ధాంత రూపమిచ్చాడు. 1999 చివరికల్లా పెద్ద సంస్థలన్నీ మూసేయాలని స్వీడన్ చట్టమే చేసుకుంది.

మన కథ అది కాదు. ముంబైలో జై వకీల్ పాఠశాల 1944లో, హైదరాబాద్‌లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లో మొదలయ్యాయి. అవి పిల్లలు నేర్చుకోవడానికి పెట్టినవి. పెద్దలను పెట్టి తాళం వేసే సంస్థలు మన దగ్గర తక్కువే. లేవని కాదు. ఢిల్లీలో ప్రభుత్వం నడిపే ఆశాకిరణ్ గృహంలో 2024 జులై ఒక్క నెలలోనే పదిమందికి పైగా చనిపోయారు. అయితే ఎక్కువమంది బతుకు ఇంటి నాలుగు గోడల మధ్యే సాగింది, అమ్మ చీర కొంగు పట్టుకుని. పశ్చిమ దేశాల్లో ఉద్యమం ఆసుపత్రిని మూసేయమని అడిగింది. ఇక్కడ మూసేయడానికి పెద్దగా ఏమీ లేదు, తెరవాల్సినవే ఉన్నాయి. అక్కడి సిద్ధాంతాలను ఇక్కడికి ఉన్నపళంగా తెచ్చుకున్నప్పుడు అతకకపోవడానికి ఇదొక కారణం.

నాలుగు వాదాలు, ఒక పాల ప్యాకెట్

చర్చ గాల్లో తేలకుండా ఉండటానికి ఒక చిన్న పని తీసుకుందాం. ఇరవై నాలుగేళ్ల యువకుడు. ఇంటి ఎదుట రోడ్డు, అవతల కిరాణా కొట్టు. అతను వెళ్లి పాల ప్యాకెట్ తేవాలి.

మొదటిది *శిక్షణ వాదం*. దీని లెక్కలో పని రాకపోవడం నేర్పనివారి లోపం. అమెరికాలో మార్క్ గోల్డ్ 1970ల్లో తీవ్ర వైకల్యం ఉన్నవారికి సైకిల్ బ్రేకును ముక్క తర్వాత ముక్క బిగించడం నేర్పి చూపించాడు. వీళ్లకు చేతకాదని ముద్ర వేసినవాళ్లు అప్పుడు నోరు మూసుకోవాల్సి వచ్చింది. పద్ధతి అందరికీ తెలిసినదే: పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి ఒక్కో మెట్టే ఎక్కించడం. ఒక్కోసారి చివరి మెట్టు నుంచి వెనక్కి వస్తారు. టీ నేర్పాలంటే మొదటి రోజు అంతా మనమే చేసి, వడపోసిన టీని గ్లాసులో పోయడం మాత్రం అతనికి వదులుతాం. మర్నాడు వడపోత కూడా. ఏ రోజుకారోజు పని పూర్తయిన తృప్తి అతనికే దక్కుతుంది. పాల ప్యాకెట్ సంగతీ అంతే. ధర 37 రూపాయలైతే కూడికలు రాకపోయినా ఫర్వాలేదు, నాలుగు పది నోట్లు ఇవ్వడం నేర్పితే చాలు. చిల్లర ఎంతన్నది కొట్టువాడు చూసుకుంటాడు.

ఈ వాదానికి మన దగ్గర గట్టి పునాది ఉంది. మద్రాసులో తయారైన, నైపుణ్యాలను అంచనా వేసే ఎండీపీఎస్ పట్టికలో 18 రంగాలు, ఒక్కోదానిలో 20 చొప్పున 360 అంశాలు. సికింద్రాబాద్ సంస్థలో తయారైన బేసిక్-ఎంఆర్‌లో ఒక్కో పనికి మార్కులుంటాయి: ఎవరి సాయమూ లేకుండా చేస్తే 5, సైగ చేస్తే చేసేవారికి 4, నోటితో చెబితే చేసేవారికి 3, చేయి పట్టి చేయించాల్సి వస్తే 2, పూర్తిగా మనమే చేయాల్సి వస్తే 1. స్పెషల్ ఎడ్యుకేటర్లు 'వీపీ' (వెర్బల్ ప్రాంప్ట్), 'పీపీ' (ఫిజికల్ ప్రాంప్ట్) అని పొట్టి అక్షరాల్లో రాసుకునేది దీన్నే. గమనిస్తే ఈ మార్కులు నేర్చుకునేవాడి కంటే నేర్పేవాడి చేతిని కొలుస్తున్నాయి. అది ఎంత వెనక్కి తగ్గితే అంత మంచి మార్కు. ఈ సంగతి మళ్లీ అవసరపడుతుంది.

ఈ వాదం చిక్కల్లా 'ఇంకా సిద్ధం కాలేదు' అనే మాటలో ఉంది. రోడ్డు దాటడం వచ్చాకే కొట్టుకు, కొట్టు అలవాటయ్యాకే బస్సుకు, బస్సు వచ్చాకే ఉద్యోగానికి అంటూ పోతే నలభై ఏళ్లొచ్చినా మనిషి ఇంకా శిక్షణలోనే ఉంటాడు. కొవ్వొత్తులు, కాగితపు కవర్లు, ఫైల్ ప్యాడ్లు చేస్తూ పదిహేనేళ్లు గడిపేవారు ప్రతి కేంద్రంలోనూ కనిపిస్తారు.

రెండోది *సాధారణ జీవన వాదం*. నిర్యే, తర్వాత 1972లో పుస్తకం రాసిన వుల్ఫ్ వుల్ఫెన్స్‌బర్గర్ దీనికి పెద్దలు. పని రావడం రాకపోవడం తర్వాత సంగతి. రోజుకు ఒక లయ, వారానికి ఒక సెలవు, వయసుకు తగిన బట్టలు, ఊరి మధ్యలో ఇల్లు ఉండాలంటారు. ఇరవై నాలుగేళ్లవాడు పాలకు వెళ్లాలా వద్దా అని పరీక్ష పెట్టడమే వీరికి ఎబ్బెట్టు. ఆ వయసువాళ్లు వెళ్తున్నారు, కాబట్టి అతనూ వెళ్లాలి, తోడు కావాలంటే తోడు ఇవ్వాలి. గడ్డాలొచ్చినవాడిని 'బేబీ', 'చిన్నా' అని పిలిచే మన అలవాటుకు ఈ వాదం చురకలాంటిది. దీని లోపం కూడా పేరులోనే ఉంది. ఎవరిలాగో కనిపించడమే గెలుపు అనుకుంటే, ఉన్నవాడిని ఉన్నట్టు ఒప్పుకోవడం ఎక్కడ?

మూడోది *హక్కుల వాదం*. 1974లో అమెరికా ఓరెగాన్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్లే 'పీపుల్ ఫస్ట్' పేరుతో సంఘం పెట్టుకున్నారు. ముందు మేం మనుషులం అని. అంతకు రెండేళ్ల ముందు రాబర్ట్ పెర్స్కీ ఒక మాట అన్నాడు: ప్రమాదానికి ఎదురెళ్లడంలోనూ ఒక గౌరవం ఉంది, అతి జాగ్రత్తతో దాన్ని లాక్కోవద్దు అని. 2006లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 19వ అధికరణం ఈ ధోరణినే చట్టభాషలో పెట్టింది: ఎక్కడ, ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కు అందరికీ ఉంది. పాల ప్యాకెట్ దగ్గర హక్కుల వాది అడిగే ప్రశ్న వేరు. అతనికి అసలు పాలు కావాలా? పాల డబ్బులతో కూల్‌డ్రింక్ తాగి వస్తే ఎవరికి కోపం? మిగతావాళ్లు ఆ వయసులో చేసిన తప్పులు అతను చేస్తే తప్పేంటి?

నాలుగోది *పరస్పర ఆధార వాదం*. తత్వవేత్త ఇవా ఫెడర్ కిట్టే 1999లో 'లవ్స్ లేబర్' రాసింది. ఆమె కూతురిది తీవ్ర వైకల్యం, ఎంత శిక్షణ ఇచ్చినా మార్కు 5 రాదు. అలాంటివారిని స్వతంత్రత అనే గజంతో కొలిస్తే ఎప్పుడూ ఓడినవారిగానే మిగులుతారు కదా అన్నది ఆమె వాదం. ఎవరూ ఒంటరిగా బతకడం లేదు. ఉల్లిపాయ పండించినవాడి నుంచి చెత్త ఎత్తేవాడి దాకా మనందరికీ ఎవరో ఒకరు ఆధారం. పాల ప్యాకెట్‌కు ఇద్దరు కలిసి వెళ్తే, దారిలో కుక్కను పలకరిస్తే, అదీ ఒక బతుకే. ఉమ్మడి కుటుంబాల జ్ఞాపకం ఉన్న మనకు ఈ వాదం తొందరగా నచ్చుతుంది, అందుకే కాస్త జాగ్రత్తగా ఉండాలి. 'మేమున్నాం కదా, వాడెందుకు నేర్చుకోవడం' అనే మాటకు ఇది సులువుగా ముసుగవుతుంది. ఆ 'మేము' ఎప్పుడూ ఒక అమ్మో వదినో.

పక్కపక్కన పెట్టి చూస్తే శిక్షణ వాదం *ఎలా* అనే ప్రశ్నకు, సాధారణ జీవన వాదం *ఎక్కడ* అనే ప్రశ్నకు, హక్కుల వాదం *ఎవరి నిర్ణయం* అనే ప్రశ్నకు, పరస్పర ఆధార వాదం *ఎవరితో* అనే ప్రశ్నకు బాగా జవాబిస్తాయి. మిగతా మూడు ప్రశ్నల దగ్గర ప్రతిదీ తడబడుతుంది. క్షేత్రంలో ఉన్నవాళ్లు నాలుగింటినీ కలిపే వాడుకుంటారు. ఏ ఒక్కదానికో జెండా పట్టేది ఎక్కువగా సభల్లోనే.

అధ్యయనాలు ఏమంటున్నాయి? పెద్ద సంస్థల నుంచి చిన్న ఇళ్లకు మారినవారిలో రోజువారీ నైపుణ్యాలు మెరుగుపడ్డాయని పశ్చిమ దేశాల పరిశోధన చాలావరకు ఒప్పుకుంటుంది. అయితే బ్రిటన్‌లో జిమ్ మాన్సెల్, ఆయన సహచరులు ఒక మెలిక చూపించారు. ఇల్లు చిన్నదైనంత మాత్రాన సరిపోదు. ఆ ఇంట్లో సిబ్బంది అన్నీ తామే చేసి పెడుతుంటే లోపలి మనిషి సోఫాలో కూర్చునే ఉంటాడు. కూర తరిగేటప్పుడు ఒక్క ముక్కైనా అతనితో కోయిస్తున్నారా అన్న దగ్గరే తేడా వస్తుంది. 'యాక్టివ్ సపోర్ట్' అనే పద్ధతి ఈ గమనింపు మీదే నిలబడింది. గోడలు మారినా చేతులు మారకపోతే ఫలితం లేదని చెప్పే ఈ పరిశోధనే, నా దృష్టిలో, మన పరిస్థితికి అన్నిటికంటే దగ్గరగా ఉంది.

సంతకం ఎవరిది?

హక్కుల వాదం మన చట్టాల్లోకి వచ్చేసరికి రెండుగా చీలింది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి పద్దెనిమిదేళ్లు దాటాక కూడా గార్డియన్‌ను నియమించవచ్చు. కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ ఆ పని చేస్తుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మాత్రం గార్డియన్‌షిప్ ఒక నిర్ణయానికి, ఒక కాలానికి పరిమితమై, ఆ వ్యక్తి ఇష్టాన్ని బట్టి నడవాలంది. పైన చెప్పిన ఒడంబడిక కింది ఐక్యరాజ్యసమితి కమిటీ 2014లో ఇంకా ముందుకెళ్లి, ఒకరి బదులు ఇంకొకరు నిర్ణయించే ఏర్పాట్లే పోవాలంది. పెరూ 2018లో ఆ పని చేసింది కూడా.

తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే బొమ్మ వేరు. బ్యాంకులో ఖాతా తెరవాలన్నా, తాత రాసిచ్చిన వాటా అతని పేరున ఎక్కాలన్నా కౌంటర్ దగ్గర అడిగేది గార్డియన్ సర్టిఫికెట్టే. దాన్ని హక్కుల హరణం అంటే వారికి నవ్వొస్తుంది. ఇద్దరి మాటలోనూ నిజముంది. 2009లో చండీగఢ్ కేసులో సుప్రీంకోర్టు ముందు నిలిచిన యువతిది కొద్దిపాటి మేధో వైకల్యం. ఆమె గర్భాన్ని తీసేయాలన్న కింది కోర్టు ఆదేశాన్ని పక్కనపెట్టి, ఆమె ఇష్టమే ముఖ్యమని కోర్టు తేల్చింది. ఆ తీర్పు లేకపోతే హక్కుల వాదానికి మన నేల మీద ఆధారమే తక్కువగా ఉండేది.

సర్టిఫికెట్ల లోకంలో ఇంకో వింత ఉంది. సదరం శిబిరంలో మేధో వైకల్యానికి ఇచ్చే శాతాలు స్థాయిల్లో ఉంటాయి: కొద్దిపాటి అయితే 50, మధ్యస్థం అయితే 75, తీవ్రం 90, అతి తీవ్రం 100. కేంద్రం ఇచ్చే వికలాంగ పింఛనుకు 80 శాతం ఉండాలి. అంటే మధ్యస్థ స్థాయి వారికి, బస్సెక్కడానికి రోజూ తోడు కావాల్సిన వారికి కూడా, అది రాదు. వచ్చినా నెలకు 300 రూపాయలే. 2012 నుంచి ఆ అంకె కదల్లేదు. రాష్ట్రాల పింఛను ఉంది కాబట్టి గడుస్తోంది. తెలంగాణ 2023లో 4,016 చేసింది, ఆంధ్రప్రదేశ్ 2024లో 6,000 చేసింది. ఆ డబ్బు ఇంటికి నిజంగా ఆసరా. కానీ నేర్పేకొద్దీ శాతం తగ్గితే పింఛను పోతుందేమోనన్న భయం శిక్షణ కేంద్రం గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. ఒక ఇల్లు స్వతంత్రతకు భయపడేలా ఏర్పాటు చేశాక, ఆ ఇంటిని నిందించడం న్యాయం కాదు.

పని, జీతం

ఉద్యోగాల గురించి క్లుప్తంగానే చెప్పొచ్చు. 'ముందు శిక్షణ, తర్వాత ఉద్యోగం' అనే పాత వరసను తిప్పి 'ముందు ఉద్యోగం, అక్కడే శిక్షణ' అన్నది అమెరికాలో 1980ల నుంచి బలపడిన మార్గం. 2016 చట్టం ప్రభుత్వ ఉద్యోగాల రిజర్వేషన్‌ను 4 శాతం చేసి, మేధో వైకల్యం, ఆటిజం వంటివాటికి కలిపి తొలిసారి 1 శాతం పెట్టింది. 1995 చట్టం ఇచ్చిన రిజర్వేషన్లలో వీరికి చోటే లేదు. ప్రైవేటులో వీరిని పనిలో పెట్టుకునేవిగా లెమన్ ట్రీ హోటళ్లు, హుబ్బళ్లిలో 2017లో మొదలైన మిట్టీ కెఫే పేర్లు తరచూ వినిపిస్తాయి. 2023లో మిట్టీ కెఫే సుప్రీంకోర్టు ఆవరణలోకీ వచ్చింది. ఇవి మంచి ఉదాహరణలే. ఉదాహరణలుగానే మిగిలాయన్నది ఇబ్బంది.

సాయం చేసేవారికి ఏం దక్కుతుంది?

ఇప్పుడు ఎవరూ అడగని ప్రశ్న. దశాబ్దాల పాటు పరిశోధకులు కుటుంబాలను ఒక్కటే అడిగారు: ఎంత భారం? భారం గురించే అడిగితే భారమే దొరుకుతుంది. హేస్టింగ్స్, టాంట్ అనే పరిశోధకులు 2002లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే ఇంకో సంగతి తేలింది. అవే కుటుంబాలు ఒత్తిడితో పాటు సంతోషం, దగ్గరితనం, బతుకు మీద మారిన చూపు గురించి కూడా చెబుతున్నాయి. ఒకటి ఉంటే రెండోది ఉండదన్న లెక్క తప్పు.

వృత్తిగా ఈ పని చేసేవారికి దక్కేది ఇంకో రకం. ఇక్కడ ఫలితం నెలల్లో, ఏళ్లలో వస్తుంది. చొక్కా బొత్తాం పెట్టుకోవడానికి ఎనిమిది నెలలు పట్టొచ్చు. ఆ ఎనిమిది నెలల్లో నేర్పేవాడి చేయి మోచేతి దగ్గర నుంచి మణికట్టుకు, మణికట్టు నుంచి వేలి చివరకు, అక్కడి నుంచి కళ్ల సైగకు జరుగుతుంది. చివరికి ఒకరోజు గదిలో ఉండక్కర్లేని స్థితి వస్తుంది. వైద్యుడికో వంటవాడికో తాను చేసినదే గొప్ప. ఈ వృత్తిలో మాత్రం చేయడం మానేయగలిగినదే గొప్ప. పైన చెప్పిన మార్కుల పట్టికలో 5 రావడమంటే నేర్పినవాడు కనుమరుగు కావడమే.

ప్రమాదమూ అక్కడే ఉంది. నేను లేకపోతే వీడు లేడన్న భావన తియ్యనిది. దాన్ని వదులుకోవడం కష్టం. మన దగ్గర దీనికి 'దైవసేవ' అనే కిరీటం కూడా పెడతాం. ఆ కిరీటం ఎంత అపాయమో చూపించింది లార్ష్ చరిత్ర. జాన్ వానియే 1964లో ఫ్రాన్స్‌లో, వైకల్యం ఉన్నవారూ లేనివారూ కలిసి బతికే ఈ లార్ష్ ఇళ్లను మొదలుపెట్టాడు. 1970లో బెంగళూరు ఆశానికేతన్‌తో అవి మన దేశానికీ వచ్చాయి. కలిసి భోంచేయడం, ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవడం అన్న ఆ ఆలోచన ఎందరినో కదిలించింది. వానియే చనిపోయాక 2020లో సంస్థే వేయించిన విచారణలో అతను తన ఆధ్యాత్మిక పలుకుబడిని వాడి మహిళలను లైంగికంగా వేధించాడని బయటపడింది. ఆ మహిళలు వైకల్యం ఉన్నవారు కారు. అయినా పాఠం ఒకటే. సాయం చేసేవాణ్ని దేవుణ్ని చేస్తే ప్రశ్నించేవాళ్లుండరు. ఇళ్లలో కలిసి బతుకుతున్నవారి మంచితనం దానివల్ల అబద్ధం కాలేదు, అది వేరే మాట.

కిరీటానికి ఇంకో ఖరీదు ఉంది, జీతం. పుణ్యం వస్తుంది కదా అని జీతం తగ్గించే రంగాల్లో ఇదొకటి. స్పెషల్ ఎడ్యుకేటర్ల శిక్షణకు 1992 చట్టంతో జాతీయ మండలి ఉంది, రిజిస్ట్రేషన్ నంబర్లున్నాయి. 2021లో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై స్థాయిలో పదిహేనుమందికి ఒకరు ఉండాలని నిష్పత్తి కూడా చెప్పింది. కానీ ఈ పని ఎక్కువగా కాంట్రాక్టు మీదే నడుస్తోంది. ఎనిమిది నెలల బొత్తాం మధ్యలో టీచర్ మారిపోతే మళ్లీ మోచేతి దగ్గర నుంచి మొదలు. ఈ వృత్తిలో తృప్తి నిజం. దాన్ని జీతానికి బదులుగా లెక్కగట్టడం మాత్రం మోసం.

తేలనివి

నాలుగు సంగతులు ఇంకా తేలలేదు. అతి తీవ్ర వైకల్యం ఉన్నవారి ఇష్టాన్ని ఎలా తెలుసుకోవాలి? మాట లేనివారి చూపునూ శరీరాన్నీ ఏళ్ల తరబడి చదివినవారే చెప్పగలరు, కానీ ఆ చదివినవారే చదివింది తమకు అనుకూలంగా రాసుకుంటే? పెళ్లి, శృంగారం గురించి తెలుగునాట ఇంకా గుసగుసలే. 1986లో 'స్వాతిముత్యం' సినిమా శివయ్యకు పెళ్లి, పిల్లలు, మనవలు అన్నీ ఇచ్చింది. హాల్లో కన్నీళ్లు పెట్టుకున్న మనం ఇంటికొచ్చి ఆ మాట ఎత్తలేదు. మూడోది డబ్బు. నేషనల్ ట్రస్ట్ 'ఘరోందా' పేరుతో జీవితాంతం ఉండే ఇళ్లకు పథకం పెట్టింది. లక్ష రూపాయల 'నిరామయ' ఆరోగ్య బీమా ఉంది. అమ్మానాన్నల తర్వాతి నలభై ఏళ్లకు ఇవి ఏపాటి అన్నది లెక్క వేసుకోవచ్చు. నాలుగోది ఇంట్లోనే ఉంది. అన్నో చెల్లెలో పెద్దయ్యాక బాధ్యత తీసుకోవాలని అందరూ అనుకుంటారు, వారిని ఎవరూ అడగరు.

ఈ నాలుగింటికీ మూలం వయసులో ఉంది. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవారి సగటు ఆయుర్దాయం 1983 నాటికి అమెరికాలో 25 ఏళ్లు. ఇప్పుడు 60. వైద్యం అందేచోటల్లా అదే దారి. మన 2016 చట్టం ఉచిత విద్యను 6 నుంచి 18 ఏళ్ల వరకే హక్కుగా రాసింది. మండల కేంద్రంలోని భవిత కేంద్రం కూడా బడి వయసు పిల్లల కోసమే. పద్దెనిమిదికీ అరవైకీ మధ్య నలభై రెండేళ్లు ఉన్నాయి.